మొగ తెరిచాక మొలిచిన గడ్డి

సముద్రపు గడ్డి నాచు కాదు. నాచుకు వేరుండదు, అది పువ్వు పూయదు. రాయినో గవ్వనో పట్టుకొని నీటిలోంచే తిండి తీసుకుంటుంది. సముద్రపు గడ్డి నేల మీది పూల మొక్కల వంశానిది. కోట్ల ఏళ్ల కిందట నేల విడిచి ఉప్పునీటిలోకి దిగినా వేరు, కాండం, ఆకు, పువ్వు, గింజ అన్నిటినీ వెంట తీసుకుపోయింది. ఇసుకలోకో బురదలోకో వేరు దించి, అడుగునే పాకే కాండం నుంచి కణుపు కణుపుకూ ఆకులు వేస్తుంది. నీటి లోపలే పూస్తుంది. దాని పుప్పొడి నీటిలో కొట్టుకుపోయి మరో పువ్వును చేరుతుంది. ప్రపంచం మొత్తం మీద ఈ గడ్డి 70 రకాల దాకా ఉంటే, భారతదేశపు తీరాల్లో పదిహేను రకాల దాకా కనిపిస్తాయి.

ఈ గడ్డి బతకాలంటే వెలుగు అడుగుదాకా దిగాలి, నీరు కొంత నెమ్మదిగా ఉండాలి, ఉప్పు తగినంత ఉండాలి. ఇవి కుదిరిన చోట అది బీడులా పరుచుకుంటుంది. రొయ్య పిల్లలు, పీత పిల్లలు, చేప పిల్లలు పెద్ద చేపల కంట పడకుండా ఆ ఆకుల మధ్యే పెరుగుతాయి. నీటిలో తేలే ఒండ్రును ఆకులు ఆపి కిందికి దింపుతాయి, వేళ్లు దాన్ని కట్టిపడేస్తాయి. అందుకే గడ్డి ఉన్న చోట నీరు తేటగా ఉంటుంది, నీరు తేటగా ఉన్న చోట గడ్డి పెరుగుతుంది. ఈ రెండింటిలో ఏది ముందు పాడైనా రెండోది దాని వెంటే పోతుంది. గడ్డిని తిరిగి తెచ్చే ప్రయత్నాలన్నీ ఈ ముడి దగ్గరే మొదలవుతాయి.

ఉత్తరాంధ్ర తీరం ఈ గడ్డికి అనువైనది కాదు. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్లు, విజయనగరం జిల్లాకు 28 కిలోమీటర్లు తీరం ఉన్నా, భోగాపురం నుంచి ఇచ్ఛాపురం మండలంలోని డొంకూరు దాకా కడలి పోటును అడ్డుకునే దీవి గాని, లోపలికి చొచ్చుకొచ్చిన పెద్ద అఖాతం గాని లేదు. అలలు నేరుగా ఒడ్డుకు వచ్చి పడతాయి. నైరుతి గాలుల నెలల్లో అవే అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి ఈడ్చుకుపోతాయి. తూర్పు తీరంలో ఈ భాగాన ఏటా అలా కదిలే ఇసుక ఇంజనీర్ల అంచనాలో పది లక్షల ఘనపు మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అంత కదిలే అడుగున వేరు నిలవడం కష్టం. వానాకాలంలో నదులు తెచ్చే ఎర్రనీరు ఒడ్డు పొడవునా పరుచుకొని, దిగే వెలుగును కూడా అడ్డుకుంటుంది.

ఈ తీరంలో నెమ్మది నీరంటే నదీముఖాలూ ఉప్పుటేర్లే. చంపావతి కోనాడ దగ్గర, నాగావళి కళ్లేపల్లి దగ్గర, వంశధార కళింగపట్నం దగ్గర, మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తాయి. వరద వచ్చినప్పుడు నది తన మొగను, అంటే సముద్రంలో కలిసే ముఖాన్ని, తానే తెరుచుకుంటుంది. వేసవిలో సముద్రం ఇసుక తెచ్చి దాన్ని మూస్తుంది. మొగ తెరిచి ఉంటే పోటుతో పాటు ఉప్పునీరు, రొయ్య పిల్ల, చేప పిల్ల లోపలికి వస్తాయి. మూసుకుపోతే లోపలి నీరు చప్పబడి, చెరువులా నిలిచిపోతుంది. ఈ కోస్తా పల్లెల్లో వేట ఎప్పుడు కలిసొస్తుంది, ఎప్పుడు రాదు అన్నది తరతరాలుగా ఈ మొగల మీదే ఆధారపడింది.

విశాలమైన నెమ్మది నీరు, అందులో వందల ఏళ్లుగా గడ్డి బీడు ఉన్న చోటు కావాలంటే ఇచ్ఛాపురం దాటి ఉత్తరానికి వెళ్లాలి. వంద కిలోమీటర్ల లోపే చిలికా వస్తుంది. అది నేడు ఒడిశాలోది. కానీ ఆ సరస్సు చరిత్రను ఉత్తరాంధ్ర తీర చరిత్ర నుంచి విడదీయడానికి చరిత్రలో ఆధారం లేదు. వంశధార ఒడ్డున ముఖలింగంలో కొలువుదీరిన తూర్పు గాంగుల రాజ్యమే, 12వ శతాబ్దంలో అనంతవర్మ చోడగంగుని కాలానికి మహానది దాకా పాకి రాజధానిని కటకానికి మార్చుకుంది. ఆ తర్వాత ఇంగ్లిషు కంపెనీ చేతికి వచ్చిన ఉత్తర సర్కారుల్లో గంజాం జిల్లా ఉత్తరపు కొస. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ప్రాంతాలు, చిలికా దక్షిణపు ఒడ్డున ఉన్న రంభ, అన్నీ మద్రాసు రాజధాని కింద ఆ ఒక్క జిల్లాలోనే ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు తెలుగు భాగాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం వేరు జిల్లాలయ్యాయి. పాలన గీతలు మారినా, ఇసుక నడక, గాలి, రుతువు మారలేదు.

చిలికా ఒకప్పుడు సముద్రపు అఖాతమే. మహానది ముఖాన చేరిన ఒండ్రు, ఉత్తరానికి నడిచే ఇసుక కలిసి వేల ఏళ్లలో దాని ముందు పొడవాటి ఇసుక దిబ్బను కట్టాయి; లోపలి నీరు సరస్సయింది. ఇప్పుడు దాని వైశాల్యం వేసవిలో 900 చదరపు కిలోమీటర్లు, వానాకాలంలో 1,100 దాటుతుంది. లోతు చాలా చోట్ల నిలువెత్తుకు మించదు. ఉత్తరాన మహానది పాయలైన దయా, భార్గవి వంటివి మంచినీరు తెచ్చి పోస్తాయి. తూర్పున మొగ గుండా సముద్రం ఉప్పునీరు పంపుతుంది. దక్షిణపు కొసను పాలూరు కాలువ రుషికుల్య నది మొగతో కలుపుతుంది. ఆ పాలూరే రెండో శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ చెప్పిన పలూర రేవని చాలామంది చరిత్రకారులు భావిస్తారు. అక్కడి నుంచి ఓడలు తీరం విడిచి నేరుగా తూర్పు దేశాలకు సాగేవని ఆయన రాశాడు. మొగ దగ్గర మాణిక్యపట్నంలో జరిపిన తవ్వకాల్లో చైనా పింగాణీ ముక్కలు, శ్రీలంక నాణెం దొరికాయి. ఓడలు లోపలికి వచ్చాయంటే మొగ అప్పట్లో లోతుగా, నిలకడగా ఉండేదన్నమాట.

ఆ మొగ దగ్గరే తెలుగు మాట వినిపిస్తుంది. గంజాం నుంచి పూరీ దాకా కడలి ఒడ్డున తెలుగు మాట్లాడే వాడబలిజలు, జాలారులు తరాలుగా స్థిరపడ్డారు; పూరీలోని పెంటకట వారి పెద్ద పేట. వీరిని ఒడిశాలో నోలియాలంటారు. చిలికాలో వేట చేసే కులాల వరుసలో కేఉట, కండర, తియర, ఖటియా వంటి ఒడియా కులాలతో పాటు నోలియాలు కూడా ఉన్నారు. సరస్సు లోపలి నీళ్లలో వెదురు తడికలతో, మావులతో వేట చేసేది ఒడియా జాలరులైతే, అలలకు అలవాటు పడిన నోలియాల చోటు మొగ, దాన్ని సరస్సుతో కలిపే కాలువ. ఏ కులం ఏ చోట, ఏ వలతో, ఏ నెలల్లో వేట చేయాలన్నది కట్టుబాటుగా నడిచేది. చలికాలంలో నీరు తీసినప్పుడు లోతు తక్కువ చోట్లను వెదురు తడికలతో చుట్టి పట్టే వేటను జానో అంటారు.

చిలికాను శాస్త్రీయంగా తొలిసారి పూర్తిగా పరిశీలించినది నెల్సన్ అన్నండేల్, స్టాన్లీ కెంప్. 1913, 1914ల్లో రంభ కేంద్రంగా పనిచేసి, ఇండియన్ మ్యూజియం ప్రచురణల్లో 1915 నుంచి తమ వివరాలను వెలువరించారు. అన్నండేల్ 1916లో మొదలైన భారత జంతుశాస్త్ర సర్వేకు తొలి సంచాలకుడు. వారి పరిశీలనలో తేలిన ముఖ్యమైన సంగతి చిలికా నీటి రెండు రూపాలు. వరదలు వచ్చిన నెలల్లో సరస్సులో చాలా భాగం దాదాపు మంచినీరవుతుంది. ఎండలు ముదిరేసరికి ఉప్పెక్కుతుంది. అక్కడి జీవులు ఈ మార్పుకు అలవాటు పడినవి. ఈ ఊగిసలాట సాగినంత కాలం సముద్రపు గడ్డి దక్షిణాన, మధ్య భాగంలో, మొగ కాలువ వెంట నిలిచింది. మంచినీటి మొక్కలు ఉత్తరాన ఉండిపోయాయి. హాలోఫిలా, హాలోడ్యూల్ జాతుల సముద్రపు గడ్డి, చవిటి నీళ్లలో పెరిగే రుప్పియా ఇక్కడి బీడులోని ముఖ్యమైన మొక్కలు. హాలోఫిలా ఆకు బొటనవేలి గోరంత ఉంటుంది. హాలోడ్యూల్ ఆకు సన్నని దారంలా ఉంటుంది. లోతు తక్కువ నీటిలో, అంత చిన్న ఆకులతోనే అవి అడుగంతా కప్పేస్తాయి.

వేట హక్కుల చరిత్ర కూడా ఈ గడ్డి గతిని నడిపింది. జమీందారీ రోజుల్లో ఖల్లికోట, పారికుద్ వంటి సంస్థానాలు వేట చోట్లను జాలరులకు కౌలుకిచ్చేవి. 1890లలో రైలు మార్గం సరస్సు పడమటి ఒడ్డు వెంట సాగడంతో బాలుగావ్, రంభ స్టేషన్ల నుంచి మంచులో పెట్టిన చేప కలకత్తా బజారుకు చేరడం మొదలైంది. జమీందారీలు రద్దయ్యాక ప్రభుత్వం చోట్లను జాలరుల సహకార సంఘాలకు కౌలుకిచ్చే పద్ధతి తెచ్చింది. 1959లో వాటికి కేంద్ర సంఘం ఏర్పడింది. ఆ ఏర్పాటు 1980లలో కుదేలైంది. విదేశాల్లో రొయ్యకు పలికిన ధర సరస్సు మీదికి కొత్తవారిని తెచ్చింది. లోతు తక్కువ నీళ్లను వెదురు గుంజలతో, సన్న కన్ను వలలతో చుట్టి రొయ్యలు పెంచే ఘేరీలు వందల సంఖ్యలో వెలిశాయి. ఒక పెద్ద పరిశ్రమ సంస్థతో కలిసి ప్రభుత్వం తలపెట్టిన రొయ్యల పెంపకం పథకానికి వ్యతిరేకంగా 1990ల మొదట్లో చిలికా బచావో ఉద్యమం నడిచింది; ఆ పథకం ఆగింది. 1996 డిసెంబరులో జగన్నాథన్ కేసులో సుప్రీంకోర్టు చిలికా, పులికాట్ సరస్సుల చుట్టూ వెయ్యి మీటర్ల లోపల రొయ్యల చెరువులు ఉండరాదని తీర్పు చెప్పింది. అయినా ఘేరీలు పోలేదు. వాటిని తొలగించాలని పోరాడిన జాలరుల మీద 1999 మే 29న సోరణ గ్రామంలో పోలీసులు కాల్పులు జరిపారు, నలుగురు చనిపోయారు.

ఘేరీ గడ్డికి రెండు విధాల చేటు. గుంజలూ వలలూ నీటి నడకను మందగింపజేస్తాయి. మందగించిన నీరు తన ఒండ్రును అక్కడే వదిలేస్తుంది. ఆ మేర అడుగు పైకి లేచి, నీరు మురికెక్కి, వెలుగు తగ్గుతుంది. రెండోది, గడ్డి మొలిచే లోతు, ఘేరీ కట్టే లోతు ఒకటే. సరస్సులో రొయ్య పిల్లకు సహజంగా నీడనిచ్చే చోటునే రొయ్యల పెంపకం కోసం మూసేశారు. చిలికా కథలో అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి ఇదే.

ఈలోగా మొగ కూడా మూతపడుతూ వచ్చింది. ఉత్తరానికి నడిచే ఇసుక దిబ్బను పొడిగిస్తూ పోవడంతో మొగ ఏటికేడు ఉత్తరానికి జరిగింది. మొగకూ సరస్సు అసలు నీటికీ మధ్య కాలువ ఇరవై కిలోమీటర్లు దాటింది. మాగర్‌ముఖ్ దగ్గర అది పూడిపోయింది. మహానది ఎగువన అడవులు తరిగి ఒండ్రు పెరిగింది. 1957లో హిరాకుడ్ ఆనకట్ట వచ్చాక కాలువను కడిగే పెద్ద వరదల తీరు మారింది. పోటు లోపలికి రావడం తగ్గింది, ఉప్పు తగ్గింది. ఉత్తరాన ఉండాల్సిన గుర్రపుడెక్క, రెల్లు వంటి మంచినీటి కలుపు కిందికి పాకింది. 1970ల మొదట్లో 20 చదరపు కిలోమీటర్ల మేర ఉన్న కలుపు 1990ల చివరికి 400 చదరపు కిలోమీటర్లు మించింది. గడ్డి బీడు చాలాచోట్ల మాయమై, మిగిలిన చోట్ల పీలికలైంది. 1980లలో ఏటా 8 వేల టన్నుల దాకా దొరికిన వేట 1990ల చివరికి 2 వేల టన్నుల లోపుకు పడిపోయింది. భారతదేశం నుంచి 1981లో రామ్సార్ ఒప్పందం జాబితాకెక్కిన తొలి చిత్తడి నేలల్లో చిలికా ఒకటి. 1993లో అదే ఒప్పందం కింద ప్రమాదంలో ఉన్న చోట్ల పట్టీలో చేరింది.

ఒడిశా ప్రభుత్వం 1991లో ఏర్పరచిన చిలికా అభివృద్ధి సంస్థ ముందున్న దారులు రెండు. చనిపోయిన చోటల్లా మొక్కలు తెచ్చి నాటవచ్చు, లేదా నీటిని మార్చవచ్చు. సంస్థ నీటిని ఎంచుకుంది. పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం పోటు, ఇసుక, ఒండ్రుల నడకను నమూనాలు కట్టి పరీక్షించి, కొత్త మొగ ఎక్కడ తెరవాలో చెప్పింది. ముందుగా పూడిన కాలువను తవ్వారు. 2000 సెప్టెంబరు 23న సిపకూద దగ్గర ఇసుక దిబ్బను కోసి కొత్త మొగ తెరిచారు. సముద్రానికీ సరస్సుకూ మధ్య దారి ఒక్కసారిగా 18 కిలోమీటర్లు తగ్గింది. ఈ పని తీరం తెలిసినవారికి పూర్తిగా కొత్తది కాదు. మూసుకుపోయిన మొగను వరద ముందు పారలతో చీల్చడం తూర్పు తీరపు పల్లెలు ఎన్నాళ్లుగానో చేస్తున్నదే. కొత్తగా వచ్చినవి లెక్కలు, యంత్రాలు.

పోటు లోపలికి రాగానే నీటిలో ఉప్పు మళ్లీ పెరిగింది. మంచినీటి కలుపు మధ్య భాగం నుంచి చచ్చిపోతూ వెనక్కి పోయింది. నీరు కదలడంతో పేరుకున్న ఒండ్రు సముద్రానికి కొట్టుకుపోయి, నీరు తేటబడింది. అక్కడక్కడ మిగిలిన గడ్డి కాండాలు పాకడం మొదలుపెట్టాయి. గింజలు కొత్త చోట్లకు పోయి మొలిచాయి. ఒక్క మొక్కయినా చేత్తో నాటకుండానే, 2000లో 20 చదరపు కిలోమీటర్ల దరిదాపున ఉన్న గడ్డి బీడు 2010ల చివరికి సంస్థ లెక్కల్లో 100 చదరపు కిలోమీటర్లకు బాగా మించిపోయింది. ఉపగ్రహం చిత్రం తీసిన నెలను బట్టి, నీటి తేటను బట్టి ఈ అంకె ఏటా మారుతుంది. పెరుగుదల మాత్రం వాదానికి తావు లేనిది. వేట మొగ తెరిచిన రెండేళ్లలోనే 12 వేల టన్నుల దరికి చేరింది. ఇరావడీ డాల్ఫిన్ల లెక్క ఇటీవలి గణనల్లో 150కి అటూ ఇటూ నిలుస్తోంది. 2002లో చిలికా ప్రమాద పట్టీ నుంచి బయటికి వచ్చింది. ఆసియాలో అలా బయటపడిన తొలి చోటు అదే. ఆ ఏడే రామ్సార్ పురస్కారం కూడా దక్కింది.

తిరిగి వచ్చిన గడ్డి తిరిగి వచ్చినట్టే ఉండిపోలేదు. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపాను, దాని వెంట వచ్చిన వరద నెలల తరబడి సరస్సును చప్పబరిచాయి. బీడు చాలా మేర దెబ్బతిని, ఉప్పు పెరిగాక మళ్లీ కోలుకుంది. 2019 మే 3న వచ్చిన ఫణి తుపాను ఇసుక దిబ్బకు తానే కొత్త మొగలు కోసింది. మొగలు ఎక్కువైతే ఉప్పు మరీ పెరగవచ్చు, తక్కువైతే చప్పబడవచ్చు. అందుకే నీటి ఉప్పును ఏడాది పొడవునా కొలిచే ఏర్పాటు మొగ తవ్వినంత ముఖ్యమైన పని. న్యాయస్థానం ఆదేశాల తర్వాత 2017 నుంచి ఘేరీలను పెద్ద ఎత్తున పీకివేసిన చోట్ల కూడా గడ్డి అడుగు పెట్టింది. మొగ తెరిచిన పదిహేడేళ్ల దాకా ఆ పని ఆగడం చిలికా విజయంలో మిగిలిన పెద్ద లోటు.

ప్రపంచంలో గడ్డి తిరిగి వచ్చిన పేరున్న చోట్లు నాటడం, నీటిని మార్చడం అనే రెండు దారుల్నీ చూపుతాయి. అమెరికాలో వర్జీనియా తీరపు అఖాతాల్లో 1930లలో తెగులు సోకి, 1933లో తుపాను వచ్చి గడ్డి పూర్తిగా పోయింది. నీరు మళ్లీ తేటపడినా, గింజనిచ్చే మొక్క ఒక్కటీ మిగలకపోవడంతో దశాబ్దాల పాటు అది తిరిగి రాలేదు. 2000 ప్రాంతం నుంచి శాస్త్రవేత్తలు, స్వచ్ఛంద సేవకులు 7 కోట్లకు పైగా గింజలు చల్లితే, రెండు దశాబ్దాల్లో 3,600 హెక్టార్ల బీడు ఏర్పడింది. ఫ్లోరిడాలోని టాంపా అఖాతంలో సంగతి వేరు: పట్టణాల మురుగును శుభ్రపరిచి వదలడం మొదలయ్యాక, 1982లో 22 వేల ఎకరాల దాకా పడిపోయిన గడ్డి 2016 నాటికి 40 వేల ఎకరాలు దాటింది, ఆ తర్వాత మళ్లీ తగ్గింది. తమిళనాడులో పాక్ అఖాతం, మన్నారు సింధుశాఖల్లో తూత్తుకుడి సముద్ర పరిశోధకులు నాటే దారి పట్టారు. చదరపు చట్రాలకు నార దారంతో గడ్డి మొక్కలు కట్టి, ట్రాలు వలల ఈడ్పుకు బోడిపోయిన అడుగున దించారు. అక్కడ గడ్డిని మేసే కడలి ఆవు కోసం 2022లో 448 చదరపు కిలోమీటర్ల పరిరక్షణ ప్రాంతాన్ని కూడా ప్రకటించారు. దగ్గర్లో గింజ మిగిలి ఉందా లేదా అన్నదే ఏ దారి పట్టాలో తేలుస్తుంది. చిలికాలో మిగిలి ఉంది. అందుకే మొగ చాలింది.

తెలుగు నేలలో చిలికాకు సాటి వచ్చేది దక్షిణపు కొసన ఉన్న పులికాట్. అక్కడా హాలోఫిలా, హాలోడ్యూల్ జాతుల గడ్డి ఉంది; అక్కడా రాయదొరువు, కొండూరు మొగలు పూడిపోయి వేట తగ్గింది. మొగలు తవ్వాలన్న మత్స్యకారుల కోరిక దశాబ్దాల నాటిది. ఇసుక మళ్లీ మళ్లీ తెచ్చి పోసే తీరంలో ఒకసారి తవ్వి వదిలేస్తే చాలదని చిలికా అనుభవం చెబుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం తీరాల్లో ఇంత పెద్ద సరస్సు లేదు గాని, దాని చిన్న తమ్ముళ్ల వంటివి ఉన్నాయి. నౌపడా ఉప్పుమళ్ల చుట్టూ పరుచుకున్న చిత్తడి, భావనపాడు ఉప్పుటేరు, తంపర భూములు, సోంపేట బీల ఆ వరుసలోవి. వీటి గురించి జిల్లా బయట ఎక్కువ మందికి తెలిసినది కాల్పుల వల్లే. బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న ప్రజల మీద 2010 జూలై 14న, కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరి 28న పోలీసులు కాల్పులు జరిపారు. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. బీల పనికిరాని నేల కాదని, వందల కుటుంబాలకు వేట, మేత, సాగునీరు ఇచ్చే చిత్తడి అని జాతీయ పర్యావరణ అప్పీళ్ల సంస్థ ముందు వాదించినవారు ఆ ఊళ్లవారే. ఆ సంస్థ 2010 జూలైలోనే సోంపేట కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఈ తీరంలో నీటి కోసం జరిగిన పోరాటాల్లో సోరణకూ సోంపేటకూ మధ్య దూరం పదకొండేళ్లే.

ఒడ్డు దగ్గరి వేట తగ్గడం ఇక్కడి మత్స్యకారులను ఊరు విడిచేలా చేసింది. వానలు వెనకబట్టాక శ్రీకాకుళం పల్లెల నుంచి యువకులు గుజరాత్‌లోని వేరావల్‌కు మరబోట్ల మీద కూలికి పోతారు. 2018లో అలా వెళ్లి పాకిస్తాన్ చేతికి చిక్కినవారిలో ఉత్తరాంధ్రవారు 2020 జనవరిలో గాని ఇంటికి రాలేదు. చేతికందే వేట పెరగాలంటే చేప పిల్లకు నీడ దొరికే నెమ్మది నీళ్లు నిలవాలి. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్‌లో పెద్ద ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. సముద్రంలోకి కట్టే రాతి గోడలు ఉత్తరానికి నడిచే ఇసుకను దక్షిణాన ఆపి, ఉత్తరాన ఒడ్డును కోతకు గురిచేస్తాయి. తూర్పు తీరంలోని పెద్ద రేవులన్నిటి అనుభవమూ అదే. దగ్గరి ఉప్పుటేర్ల మొగలు ఆ మార్పుకు ఎటు జరుగుతాయో ముందే కొలిచి చూసుకోవాల్సిన పని ఇది. సిపకూద మొగను అలా కొలిచిన తర్వాతే తెరిచారు.

చట్టంలో ఈ చోట్లకు రక్షణ ఉంది. తీర నియంత్రణ మండలాల 2011 నాటి ఉత్తర్వు, దాని తర్వాతి 2019 నాటి ఉత్తర్వు సముద్రపు గడ్డి బీడును, మడ అడవులను, ఉప్పు చిత్తడులను, బురద నేలలను, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకతిన్నెలను, పక్షులు గూళ్లు కట్టే చోట్లను మొదటి తరగతి సున్నిత ప్రాంతాలుగా గుర్తించాయి. శ్రీకాకుళం తీరంలో పెద్ద సముద్రపు గడ్డి బీడు లేకపోయినా మిగిలినవాటిలో కొన్ని ఉన్నాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఏటా చలికాలం చివర ఈ ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. అటవీ శాఖ వాటిని సేకరించి, పొదిగే చోట్లలో కాపాడి, పిల్లలను కడలిలోకి వదులుతుంది. తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టి పిల్లల్ని చేసేది ఈ చిత్తడి నేలల్లో దొరికే చేపల మీదే. అనుమతులిచ్చే అధికారి చూసే పటంలో ఈ చోట్లు సరైన హద్దులతో గీసి ఉంటేనే ఆ రక్షణ వర్తిస్తుంది. మొగలు ఏటా చోటు మార్చే ఈ తీరంలో అలాంటి పటాన్ని కొన్నేళ్లకొకసారి మళ్లీ కొలిచి గీయాలి.